పాత రివాల్వర్ వయసు చెప్పేదెవరు?

పాత తుపాకీ ఒకటి బయటపడిందంటే మన మన్యం ఊళ్లలో దానికి వెంటనే ఒక పేరు అంటుకుంటుంది. అది సీతారామరాజు తుపాకీ అని ఒకరంటారు. కాదు, గాం గంటం దొర చేతిలోదని ఇంకొకరంటారు. మా ముత్తాత కాలంలో తెల్లదొర నడుముకు వేలాడినదని మూడో మనిషి అంటాడు. ఈ మాటల వెనుక ఉన్న అభిమానాన్ని మేము తక్కువ చేయం. మనకు రాజులు కట్టించిన కోటలు లేవు, రాయించిన శాసనాలు లేవు. చేతికి దొరికిన వస్తువును పట్టుకుని పెద్దల్ని తలుచుకోవడమే మనకు తెలిసిన పద్ధతి.

అయితే అభిమానం వేరు, రుజువు వేరు. మన చరిత్రను మనమే రాసుకోవాలని బయలుదేరిన వాళ్లం మనం. తప్పు పేరు తగిలించిన ఒక్క వస్తువును అద్దాల పెట్టెలో పెట్టినా, తెలిసినవాడు ఎవడో వచ్చి దానిమీది ముద్రలు చదివి నవ్వి పోతాడు. ఆ నవ్వు తుపాకీ దగ్గర ఆగదు. దాని పక్కన రాసిన మన తాతల పేర్లమీదికి కూడా పాకుతుంది. నిజంగా జరిగిన పోరాటం కూడా కట్టుకథేమో అనిపించేలా చేస్తుంది. అందుకని పాత ఆయుధం వయసును, చరిత్రను ఎలా తెలుసుకుంటారో మన యువకులకు, ఉపాధ్యాయులకు తెలియాలి. ఈ వ్యాసంలో రివాల్వర్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. ఇదే పద్ధతి పాత నాణేనికి, గంటకు, కత్తికి, పట్టా కాగితానికి కూడా పనికొస్తుంది.

ఏ వస్తువునైనా మూడు ప్రశ్నలు అడగాలి. ఇది ఎప్పుడు తయారైంది? ఎవరెవరి చేతుల్లో తిరిగింది? మన ఊరికి ఎలా వచ్చింది? మొదటి ప్రశ్నకు ఇనుము జవాబు చెబుతుంది. రెండోదానికి కాగితం చెబుతుంది. మూడోదానికి మనుషులు చెబుతారు. ఒకరిని అడగాల్సింది ఇంకొకరిని అడిగితేనే పొరపాట్లు వస్తాయి.

ఇనుము చెప్పే మాట

ముందుగా రివాల్వర్ అంటే ఏమిటో తేల్చుకుందాం. చేతిలో పట్టే చిన్న తుపాకులన్నిటినీ మనం పిస్తోలు అనేస్తాం. రివాల్వర్‌కు మధ్యలో ఒక గుండ్రటి దిమ్మ ఉంటుంది. అందులో అయిదో ఆరో గూళ్లు ఉంటాయి. ఒక్కో గూటిలో ఒక్కో తూటా. పేల్చిన ప్రతిసారీ ఆ దిమ్మ తిరిగి తర్వాతి తూటా గొట్టానికి ఎదురుగా వస్తుంది. తిరుగుతుంది కాబట్టే రివాల్వర్ అనే పేరు. ఆటోమేటిక్ పిస్తోలులో ఈ దిమ్మ ఉండదు. తూటాలు పిడిలోపల పెట్టే చిన్న పెట్టెలో ఒకదానిమీద ఒకటి ఉంటాయి. ఈ తేడా తెలియకపోతే మొదటి అడుగే తప్పుతుంది.

బ్రిటిష్ పాలన కాలపు రివాల్వర్లలో ఎక్కువగా వినిపించే పేరు వెబ్లీ. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పట్టణంలో తయారయ్యేది. బ్రిటిష్ సైన్యం 1887లో దీన్ని తీసుకుంది. దాన్ని మార్క్ ఒకటి అన్నారు. తర్వాత కొద్ది మార్పులతో 1894లో మార్క్ రెండు, 1897లో మూడు, 1899లో నాలుగు, 1913లో అయిదు, 1915లో ఆరు వచ్చాయి. ఇవన్నీ గొట్టం ముందుకు వంగి మధ్యలో తెరుచుకునే రకం. తెరవగానే కాలిన తూటా తొడుగులు వాటంతట అవే పైకి లేస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మార్క్ ఆరు లక్షల్లో తయారైంది. ఆ తర్వాత 1932లో బ్రిటిష్ సైన్యం ఇంకా చిన్న బోరుది, ఎన్‌ఫీల్డ్ నంబర్ రెండు అనే రివాల్వర్‌ను తీసుకుంది. చూపుకు అది కూడా వెబ్లీకి తమ్ముడిలాగే ఉంటుంది. తెలియనివాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు.

ఒక మార్క్ నుంచి ఇంకో మార్క్‌ను దూరం నుంచే కొంత గుర్తుపట్టవచ్చు. మొదటి అయిదింటికీ పిడి చివర పక్షి ముక్కులా వంగి ఉంటుంది. గొట్టం ఎక్కువగా నాలుగు అంగుళాలు. మార్క్ ఆరుకు పిడి అడుగు చదరంగా కోసినట్టుంటుంది, గొట్టం సాధారణంగా ఆరు అంగుళాలు. కానీ రూపం చూసి తీర్పు చెప్పకూడదు. తీర్పు చెప్పేవి ముద్రలు.

మొదట చూడాల్సింది తయారీదారు పేరు. ఈ కంపెనీ 1897 దాకా పీ వెబ్లీ అండ్ సన్ అనే పేరుతో ఉండేది. ఆ ఏడాది ఇంకో కంపెనీలతో కలిసి వెబ్లీ అండ్ స్కాట్ అయింది. కాబట్టి స్కాట్ అనే మాట ఉంటే అది 1897కు ముందుది కాదు. మార్క్ ఆరు మీద మార్క్ సంఖ్య, తయారైన సంవత్సరం రెండూ కొట్టి ఉంటాయి. 1921 నుంచి 1926 దాకా ఇదే మార్క్ ఆరును ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ ఫ్యాక్టరీ కూడా తయారుచేసింది. వాటిమీద ఎన్‌ఫీల్డ్ అనే పేరు ఉంటుంది.

రెండోది పరీక్ష ముద్ర. ఇంగ్లండులో ఏ తుపాకీనైనా అమ్మకముందు ఎక్కువ మందుతో పేల్చి చూసి, పగలకపోతేనే ముద్ర వేసేవారు. దీనికోసం బర్మింగ్‌హామ్‌లో 1813లోనే చట్టం చేసి పరీక్షశాల పెట్టారు. 1904లో అక్కడి ముద్రలు మారాయి. కిరీటం కింద బీపీ, బీవీ, ఎన్‌పీ అనే ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. 1954లో మళ్లీ మారి కిరీటం కింద బీఎన్‌పీ వచ్చింది. ఈ రెండు సంవత్సరాలు గుర్తుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

మూడోది సర్కారు గుర్తు. కోడి మట్టిలో అడుగు వేస్తే పడే మూడు గీతల గుర్తులాంటి బాణం అది. ఆ బాణం ఉంటే ఆ వస్తువు బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి. బాణం కింద ఐ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే అది ఇండియా ప్రభుత్వానిది. రెండు బాణాలు మొన మొన తాకేట్టు ఎదురెదురుగా ఉంటే సర్కారు దాన్ని కొలువునుంచి తీసి అమ్మేసిందని అర్థం. ఇది మనకు చాలా ముఖ్యమైన గుర్తు. సైన్యం వదిలేసిన ఆయుధాలు తర్వాత వేటగాళ్లకు, జమీందార్లకు, కంట్రాక్టర్లకు, అధికారులకు చేరాయి. అలాంటిది అడవిలో దొరికిందంటే యుద్ధంలో పోయిందనే అనుకోనక్కర్లేదు. ఏ వేటలోనో జారిపడి ఉండవచ్చు.

పొడవాటి సర్కారు తుపాకులమీద కిరీటంతోపాటు రాజు పేరు పొడి అక్షరాలు కూడా ఉండేవి. వీఆర్ అంటే విక్టోరియా, 1901 దాకా. ఈఆర్ అంటే ఏడో ఎడ్వర్డ్, 1901 నుంచి 1910 దాకా. జీఆర్ అంటే 1910 తర్వాత అయిదో జార్జి, ఆ వెనుక ఆరో జార్జి.

నాలుగోది సీరియల్ నంబర్. ఒకే నంబర్ శరీరం మీద, గొట్టం మీద, తిరిగే దిమ్మ మీద ఉండాలి. ఒక్కోచోట ఒక్కో నంబర్ ఉంటే రెండు మూడు తుపాకుల భాగాలు కలిపి ఒకటి చేశారని అర్థం. అప్పుడు అన్నిటికంటే కొత్త భాగం ఏదో అదే ఆ తుపాకీ వయసును నిర్ణయిస్తుంది.

నకళ్లను కూడా మరిచిపోకూడదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చేతి తుపాకులు చాలక బ్రిటన్ స్పెయిన్ దేశంలోని ఐబార్ పట్టణంలో రివాల్వర్లు చేయించుకుంది. ఇక వాయవ్య సరిహద్దులో దర్రా ఆదం ఖేల్ అనే పఠానుల ఊరు ఉంది. అక్కడి కమ్మరులు ఏ ఇంగ్లీషు తుపాకీనైనా ముద్రలతో సహా చూసి చేసేస్తారు. ఇంగ్లీషు చదవడం రాకుండా చెక్కినవి కాబట్టి కొన్నిటిలో అక్షరాలు తిరగబడి ఉంటాయి, స్పెల్లింగులు తప్పుతాయి. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశపు ఆయుధ కర్మాగారం కాన్పూరులో చేసిన .32 బోరు రివాల్వర్ కూడా వెబ్లీ నమూనా మీదే వచ్చింది. తుప్పు పట్టాక దాన్ని చూసి వందేళ్ల నాటిదని భ్రమపడటం తేలిక.

ఇంతకు ముందు కాదు

ఇన్ని ముద్రలు చదివాక ఇనుము మనకు చెప్పే మాట ఒక్కటే. నేను ఈ సంవత్సరానికి ముందు లేను అంటుంది. ఆ తర్వాత ఎక్కడున్నానో, ఎవరి చేతిలో ఉన్నానో ఇనుము చెప్పదు. ఈ చిన్న సంగతిని మన పోరాటాల తేదీలతో కలిపి చూద్దాం.

రంప తిరుగుబాటు 1879 మార్చిలో మొదలైంది. కల్లు మీద పన్ను, ముఠాదార్ల పీడన, పోలీసుల దౌర్జన్యం భరించలేక మన పెద్దలు చోడవరం చుట్టుపక్కల లేచారు. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్న దొర వంటివారు నడిపించారు. రెండో పెద్ద పోరాటం 1922 ఆగస్టు నుంచి 1924 దాకా సాగింది. మూడోది నిజాం రాజ్యంలో కొమురం భీం నాయకత్వంలో జోడేఘాట్ దగ్గర జరిగింది. భీం 1940లో అమరుడయ్యాడు.

ఇప్పుడు నాలుగు రివాల్వర్లు మన ముందుకు వచ్చాయనుకుందాం.

మొదటిది చదరపు పిడి, ఆరు అంగుళాల గొట్టం, మార్క్ ఆరు అనే ముద్ర, 1918 అనే సంవత్సరం ఉన్నది. దీన్ని చంద్రయ్య కాలం నాటిదంటే కుదరదు. చంద్రయ్య పోరాడిన నాటికి అది పుట్టనే లేదు. 1922 నాటిదంటే కుదరవచ్చు. కానీ కుదరడం వేరు, రుజువు కావడం వేరు.

రెండోది ఎన్‌ఫీల్డ్ నంబర్ రెండు. దీన్ని సీతారామరాజు కాలం నాటిదంటే పూర్తిగా తప్పు. రాజు అమరుడైన ఎనిమిదేళ్లకు గాని సైన్యం దాన్ని తీసుకోలేదు.

మూడోది పాత వెబ్లీ, ఐర్లండు పోలీసుల కోసం 1868లో వచ్చిన రకం. మధ్యలో తెరుచుకోదు, ఒకే చట్రంగా ఉంటుంది. ఇది మూడు పోరాటాల్లో దేనిలోనైనా ఉండి ఉండవచ్చు. అందుకే ఇది దేనికీ రుజువు కాదు.

నాలుగోదానిమీద కిరీటం కింద బీఎన్‌పీ ముద్ర ఉంది. ఆ ముద్ర పడింది 1954లోనో ఆ తర్వాతో. పాత తుపాకీనే మళ్లీ పరీక్షించి ఈ ముద్ర వేసి ఉండవచ్చు. అయినా 1954 తర్వాత అది ఇంగ్లండులో ఉందన్నది ఖాయం. 1922లో మన్యంలో దాచిపెట్టి తర్వాత తవ్వితీశామనే కథ అక్కడితో ఆగిపోతుంది.

ముద్రలకు ఉన్న బలం ఇంతే. అవి ఎక్కువగా కాదు అని చెబుతాయి. అవును అని చెప్పాలంటే కాగితం కావాలి.

కాగితం చెప్పే మాట

1914 ఆగస్టు 26న కలకత్తాలో రొడ్డా అనే ఆయుధాల కంపెనీ సరుకు రేవునుంచి గోదాముకు వెళ్తుండగా కొంత మాయమైంది. విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు తీసుకుపోయారు. ప్రతి పిస్తోలు మీద నంబర్ ఉంది. ఆ నంబర్ల పట్టిక కంపెనీ దగ్గర ఉంది. తర్వాతి సంవత్సరాల్లో బెంగాలులో ఎక్కడ ఒక మౌజర్ దొరికినా పోలీసులు పట్టికతో సరిచూశారు. 1918 నాటి రౌలట్ కమిటీ నివేదికలో ఆ పిస్తోళ్లు ఏఏ ఘటనల్లో కనిపించాయో లెక్క ఉంది. పాలకులు తమ అవసరానికి రాసుకున్న పట్టికే నేడు ఆ వీరుల చరిత్రకు సాక్ష్యం.

భగత్ సింగ్ పిస్తోలు కథ ఇంకా మనసుకు దగ్గరగా ఉంటుంది. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్స్ మీద పేల్చిన ఆయుధం అమెరికాలో తయారైన .32 బోరు కోల్ట్ ఆటోమేటిక్ పిస్తోలు. కేసు కాగితాల్లో దాని నంబర్ 168896 అని ఉంది. కేసు ముగిశాక ఆ పిస్తోలు పంజాబులోని ఫిల్లౌర్ పోలీసు శిక్షణ కేంద్రానికి, అక్కడినుంచి 1969లో ఇతర ఆయుధాలతో కలిసి ఇండోరులోని సరిహద్దు భద్రతా దళం వారి ఆయుధ శిక్షణ కేంద్రానికి వెళ్లింది. అక్కడ తుప్పు పట్టకుండా నల్ల రంగు పూశారు. నంబర్ రంగు కింద పడిపోయింది. దాని పేరు ఎవరికీ తెలియకుండా ఏళ్ల తరబడి మామూలు ఆయుధాల మధ్య ఉండిపోయింది. దాదాపు దశాబ్దం కిందట కాగితాల దారి పట్టుకుని వెతికినవాళ్లు అక్కడికి చేరారు. రంగు గీకి చూస్తే నంబర్ కలిసింది. 2017లో అది పంజాబులోని హుస్సేనీవాలాకు చేరింది.

ఇక్కడ గమనించాల్సింది ఉంది. ఆ పిస్తోలును పాతగా ఉందని నమ్మలేదు. ఎవరో పెద్దాయన చెప్పాడని నమ్మలేదు. కేసు కాగితంలోని నంబర్, ఇనుము మీది నంబర్ ఒకటే కావడం వల్ల, మధ్యలో అది ఏ చేతినుంచి ఏ చేతికి వెళ్లిందో కాగితాలు ఉండటం వల్ల నమ్మారు. ఈ వరుసలో ఒక్క ముడి తెగినా అది వేలల్లో ఒక కోల్ట్ పిస్తోలుగానే మిగిలిపోయేది.

మన మన్యం కాగితం

మన పోరాటానికి కూడా కాగితం ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద మనవాళ్లు దాడి చేశారు. చింతపల్లిలో 11 తుపాకులు, 5 కత్తులు, 1,390 తూటాలు తీసుకున్నారు. ఏమేమి తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలో రాసి సీతారామరాజు సంతకం చేశారు. కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8 తుపాకులు దొరికాయి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న వీరయ్య దొరను విడిపించారు. మూడుచోట్లా కలిపి 26 తుపాకులు.

ఆ సంతకం మీద మనం కాసేపు ఆగాలి. దోచుకోవడానికి వచ్చినవాడు లెక్క రాసి సంతకం పెట్టడు. మాది దొంగతనం కాదు, యుద్ధం అని చెప్పడానికే ఆ లెక్క. మన చరిత్రలో ఆయుధాల పట్టిక రాసినది పోలీసులు మాత్రమే కాదు, మన నాయకుడు కూడా రాశారు. ఏ పాత తుపాకీ కంటే కూడా ఈ సంగతి గొప్పది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ పట్టికల్లో ఉన్నవి స్టేషను కానిస్టేబుళ్ల తుపాకులు. రివాల్వర్ అధికారుల ఆయుధం. 1878లో వచ్చిన ఆయుధాల చట్టం మన దేశస్థులకు లైసెన్సు లేకుండా తుపాకీ ఉండకూడదంది. తెల్లవారికి సడలింపు ఇచ్చింది. కాబట్టి మన్యంలో రివాల్వర్ మాట వస్తే దాని దారి ఎక్కువగా అధికారుల వైపునుంచి, జమీందార్ల వైపునుంచి మొదలై ఉండాలి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర మనవాళ్ల గుళ్లకు స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. తెల్లదొర రివాల్వర్ అనే కథలు ఇలాంటి ఘటనల చుట్టూ అల్లుకోవడం సహజం. అంతమాత్రాన దొరికిన ప్రతి రివాల్వరూ దామనపల్లిది అయిపోదు. ముద్ర కలవాలి, కాగితం కలవాలి, అది మన చేతికి వచ్చిన దారి కలవాలి.

మరో మాట. మన కమ్మరులు చేసిన నాటు తుపాకీకి ఏ ముద్రా ఉండదు, నంబర్ ఉండదు. గొట్టం మూతినుంచి మందు కూరి, గజంతో దట్టించి పేల్చే ఆ తుపాకీ ఏ పట్టికలోనూ లేదు. దాని వయసు చెప్పగలిగేది చేసినవారి ఇంటివాళ్లు, వాడినవారి ఇంటివాళ్లు మాత్రమే. సర్కారు రివాల్వర్ గురించి ఇంగ్లండులో పుస్తకాలున్నాయి. మన నాటు తుపాకీ గురించి మనం రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు.

మనుషులు చెప్పే మాట

కాగితం మీద మనకు ఒక అనుమానం ఉంది. అది న్యాయమైనదే. పోలీసు కాగితాలు మన పోరాటాన్ని పితూరీ అన్నాయి. మన నాయకుల్ని దోపిడీగాళ్లన్నాయి. జీతం లేకుండా రోడ్డు పనులు చేయించిన సంగతి, పోడు కొట్టుకుంటే పట్టుకున్న సంగతి వాటిలో పక్కకు పోయాయి. కాబట్టి కాగితంలోని లెక్కను తీసుకుందాం, దాని తీర్పును పక్కన పెడదాం. తీర్పు కోసం మన పెద్దల మాట వినాలి.

కానీ వినడానికి కూడా పద్ధతి ఉంది. ఇది రాజుగారి తుపాకీయే కదా తాతా అని అడిగితే తాత అవుననే అంటాడు. పిల్లల మనసు నొప్పించడం ఆయనకు ఇష్టం ఉండదు. దానికి బదులు ఇలా అడగాలి. ఇది మీరు మొదట ఎప్పుడు చూశారు? అప్పుడు ఏ ఇంట్లో ఉండేది? ఆ ఇంటాయనకు ఎవరిచ్చారు? దీని గురించి మీకు చెప్పింది ఎవరు, అమ్మ వైపువాళ్లా నాన్న వైపువాళ్లా? ఆ ఏడు కరువా, జ్వరాల ఏడా? ఏ పండగ దగ్గర? మన పెద్దలకు సంవత్సరాల అంకెలు రాకపోవచ్చు. ఏ కొర్ర కొత్త పండగకు ముందో, ఏ వంతెన కట్టిన ఏడో చెప్పగలరు. ఆ గుర్తులను సంవత్సరాల్లోకి మార్చడం చదువుకున్న మన పని.

ఒకరినే అడిగి ఊరుకోకూడదు. వేర్వేరు ఊళ్లలో, ఒకరికొకరు తెలియని ఇద్దరు ముగ్గురిని అడగాలి. వాళ్ల మాటలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో రెండూ రాయాలి. విడిపోయిన మాటను చెరిపేయకూడదు. ఒక్కోసారి నిజం అక్కడే దొరుకుతుంది. మాట్లాడింది కువి అయితే కువిలో, కోయ అయితే కోయలో ఉన్నదున్నట్టు రాసి, పక్కన తెలుగు రాయాలి. తుపాకీకి, మందుకు, గుండుకు మన భాషల్లో ఉన్న పేర్లు కూడా చరిత్రే.

చేతికి దొరికితే

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చెప్పాల్సిన మాట. మన ప్రాంతంలో తుపాకీ అనే మాటకు చరిత్రకంటే ముందు అనుమానం వస్తుంది. కేసులు మన పిల్లలమీద పడతాయి. అందుకని చట్టం తెలిసి ఉండాలి.

ఇప్పుడు అమల్లో ఉన్నది 1959 నాటి ఆయుధాల చట్టం. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం నేరం. బాగుచేసినా పేలని పాతకాలపు ఆయుధానికి అందులో మినహాయింపు ఉంది. అయితే అది పేలుతుందో లేదో తేల్చాల్సింది మనం కాదు. భూమిలో దొరికిన విలువైన వస్తువుల గురించి కలెక్టరుకు తెలపాలనే చట్టం కూడా 1878 నాటిదే, ఇప్పటికీ ఉంది. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది.

కాబట్టి పొలంలోనో అటకమీదో పాత రివాల్వర్ కనిపిస్తే చేత్తో తీయవద్దు. తుప్పు పట్టినా లోపల తూటా ఉందనే అనుకోవాలి. పాత మందు ఎప్పుడు ఎలా పేలుతుందో ఎవరూ చెప్పలేరు. చింతపండుతోనో ఇటుక పొడితోనో తోమి మెరిపించవద్దు. తోమితే తుప్పుతోపాటు ముద్రలు కూడా పోతాయి. అంటే దాని నోరు మనమే మూసినట్టు. ఉన్నచోటే దూరంనుంచి ఫోటో తీసి, పెద్దలకు, సర్పంచికి, బడి ప్రధానోపాధ్యాయుడికి చెప్పాలి. తహసీల్దారుకు, పోలీసులకు రాతపూర్వకంగా తెలపాలి. అప్పగించేటప్పుడు సాక్షుల సమక్షంలో పంచనామా రాయించాలి. దానిమీది పేరు, సంవత్సరం, నంబర్, ముద్రలు అన్నీ ఆ కాగితంలో ఉండేలా చూడాలి. ఒక నకలు ఊరి దగ్గర ఉంచుకోవాలి. దీన్ని మ్యూజియానికి చేర్చమని గ్రామసభ తీర్మానం రాసి జతచేయాలి. ఇనుము మన చేతినుంచి వెళ్లిపోయినా నంబర్ మన దగ్గర ఉంటుంది. భగత్ సింగ్ పిస్తోలు దొరికింది ఆ నంబర్ వల్లనే.

బడిలో మొదలుపెడదాం

చింతపల్లి మండలం తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియానికి ప్రభుత్వం పూనుకుంది. జోడేఘాట్‌లో కొమురం భీం స్మారక మ్యూజియం ఉంది. అలాంటి చోట్ల పెట్టెల పక్కన రాసే నాలుగు వాక్యాలు మన పిల్లలు చదువుతారు, బయటినుంచి వచ్చినవాళ్లు చదువుతారు. ఆ నాలుగు వాక్యాలకు ఆధారాలు అందించే పని మనది.

ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఒక నోటు పుస్తకం పెట్టమని ఉపాధ్యాయులను కోరుతున్నాం. దానికి వస్తువుల పుస్తకం అని పేరు పెట్టండి. ఆయుధాలతో మొదలుపెట్టనక్కర్లేదు. పాత నాణెం, ఇత్తడి గంట, డోలు, బ్రిటిష్ కాలపు రసీదు, అటవీ శాఖ జరిమానా కాగితం, ఏదైనా సరే. ఒక పేజీలో వస్తువు బొమ్మ, కొలతలు, దానిమీది గుర్తులు ఉన్నవి ఉన్నట్టు గీయాలి. ఎదురు పేజీలో మూడు ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఎప్పటిది, ఎవరిది, ఎలా వచ్చింది. ప్రతి జవాబు పక్కన అది చెప్పింది ఇనుమా, కాగితమా, మనిషా అని రాయాలి. జవాబు లేనిచోట ఖాళీ వదలాలి. ఖాళీని కథతో నింపకూడదు. తర్వాత వచ్చే పిల్లవాడు నింపుతాడు.

సీతారామరాజు వెంట నడిచినవారిలో గాం గంటం దొర 1924లో పోరాటంలోనే నేలకొరిగాడు. తమ్ముడు మల్లు దొర పట్టుబడి అండమాన్ జైలుకు వెళ్లాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఇవన్నీ రుజువున్న సంగతులు. వీటిని నిలబెట్టడానికి ఏ తుప్పు పట్టిన రివాల్వరూ అవసరం లేదు. వారితో నడిచి, పేరు లేకుండా పోయినవాళ్లు ఎందరో ఉన్నారు. వస్తువుల వయసు సరిగ్గా చదవడం నేర్చుకుంటే, ఆ వస్తువులు పట్టుకున్న చేతుల పేర్లు కూడా ఒక్కొక్కటిగా చెప్పుకోగలుగుతాం. అప్పుడు మన మాటను కాదనడం ఎవరికీ అంత తేలిక కాదు.